ఆర్మా 3లో ఎవడు కాల్చాడో కూడా తెలియకుండా చస్తున్న తమ్ముడికి

ప్రశ్న: అన్నా నమస్తే. నాది కరీంనగర్, జాబ్ హైదరాబాద్ల. వయసు 24. పబ్జీ, బీజీఎంఐ, కాల్ ఆఫ్ డ్యూటీ మస్తు ఆడిన, మా రూమ్ల నేనే టాప్. మొన్న సేల్ల ఉందని ఆర్మా 3 అనే మిలటరీ గేమ్ కొన్న. మూడు వారాల సంది ఇదే కథ, పదిహేను నిమిషాలు నడుస్త, ఒక్క బుల్లెట్‌కి పోత, ఎవడు కొట్టిండో కూడ తెల్వది. ఒక గ్రూప్‌ల చేరితే మొదటి రోజే మైక్ బంద్ చెయ్యమని తిట్టిండ్రు. ల్యాప్‌టాప్‌ల 25 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 25 బొమ్మలు) వస్తది. మోడ్లు (ఆటకి బయటోళ్ళు చేసిన మార్పులు) ఏం పెట్టాలె, డీఎల్‌సీలు (కంపెనీ విడిగ అమ్మే అదనపు భాగాలు) కొనాల్నా? అసలు ఈ గేమ్ నాలాంటోళ్ళ కోసమేనా, లేకపోతే తీసేసుడేనా?

జవాబు: తమ్ముడూ, ఆఖరి ప్రశ్నకి ముందు చెప్తా, తీసెయ్యకు. ఇంకో నెల ఆగు. నువ్వు రాసిన దాంట్లో నాకు కనిపించింది ఒక్కటే, పబ్జీ ఆడిన చేతులతో ఆర్మా ఆడుతున్నావు. తమాషా ఏంటంటే ఆ పబ్జీ పుట్టిల్లు ఇదే. ఆర్మా 2 మీద 2012లో డేజీ అనే జాంబీల మోడ్ వచ్చింది, దాన్ని పట్టుకుని బ్రెండన్ గ్రీన్ అనే ఆయన బ్యాటిల్ రాయల్ (చివరికి మిగిలినోడే గెలిచే ఆట) మోడ్ చేశాడు, తర్వాత అది ఆర్మా 3కి వచ్చింది, 2017లో ఆయనే పబ్జీ చేశాడు. అంటే నువ్వు ఇన్నాళ్ళూ మనవడితో తిరిగి ఇప్పుడు తాత దగ్గరికొచ్చావన్నమాట. తాత నెమ్మదిగా నడుస్తాడు, ఎక్కువ మాట్లాడడు, పక్కన ఎవడన్నా ఎగిరితే ఒక్కటి పీకుతాడు.

ఇది చేసింది బొహీమియా ఇంటరాక్టివ్ అని చెక్ రిపబ్లిక్ కంపెనీ, 2001లో ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ అనే గేమ్ చేసింది కూడా వీళ్ళే, ఆర్మా 3 వచ్చింది 2013 సెప్టెంబర్‌లో. ఇందులో నువ్వు తిరిగే ఆల్టిస్ అనే దీవి 270 చదరపు కిలోమీటర్లు, గ్రీస్‌లో లెమ్నోస్ అనే నిజం దీవిని చూసి చేసింది. (దీని మీద ఒక గొడవ కూడా ఉంది, 2012లో ఆ కంపెనీ వాళ్ళు ఇద్దరు ఆ దీవికెళ్తే మిలటరీ స్థావరాల ఫోటోలు తీస్తున్నారని గూఢచర్యం కేసు పెట్టి లోపలేశారు, నాలుగు నెలలు దాటాక 2013 జనవరిలో బెయిల్ మీద బయటికొచ్చారు.) నేను చెప్పాలనుకున్నది ఏంటంటే అంత పెద్ద చోట పబ్జీలోలాగా నిన్ను వెనక నుంచి తరిమే నీలం సర్కిల్ ఏదీ లేదు. జోన్ కుంచించుకుపోదు. మ్యాచ్ అరగంటలో అయిపోదు. నువ్వు పరిగెత్తుతున్నావంటే ఆ తొందర నీదే, గేమ్ అడగలేదు. నీ ఉత్తరం మొత్తానికి నా జవాబు ఇదే అనుకో, మిగతాదంతా ఆ తొందర ఎక్కడెక్కడ దాక్కుని ఉందో చూపించడమే.

ముందు "ఎవడు కొట్టాడో తెలియదు" సంగతి.

మాది తాడేపల్లిగూడెం దగ్గర, మిలటరీ మాధవరం వైపు. మా పెదనాన్న ఆర్మీలో చేసి రిటైరయ్యాడు. ఒకసారి పండక్కి వెళ్ళినప్పుడు నేను ల్యాప్‌టాప్‌లో ఆడుతుంటే వెనకాల కుర్చీ వేసుకుని కాసేపు చూశాడు. నేను గుట్ట ఎక్కి సరిగ్గా శిఖరం మీద నిలబడి బైనాక్యులర్స్‌లో ఊరంతా చూస్తున్నా, పెద్ద కమాండర్‌లాగా. ఆయన అన్నది ఒకటే మాట, "ఒరే, నువ్వు వాళ్ళని చూస్తున్నావా, వాళ్ళకి కనబడుతున్నావా?" రెండు నిమిషాలకి టప్‌మని పోయా. వెనకాల ఆకాశం ఉన్నప్పుడు మనిషి ఆకారం నల్లగా కిలోమీటరు దూరం నుంచి కూడా తెలిసిపోద్ది. అందుకని గుట్ట దాటాలంటే శిఖరం మీద నుంచి కాదు, పక్క నుంచి వాలు మీదుగా పో, చూడాలంటే శిఖరానికి కొంచెం కిందే ఆగి పడుకుని పాకుతూ తల ఒక్కటే పైకి పెట్టు. కంట్రోల్ పట్టుకుని డబ్ల్యూ, ఎస్ నొక్కితే నిలబడటం కూర్చోవడం పడుకోవడం మధ్యలో ఇంకా చిన్న చిన్న ఎత్తులు ఉంటాయి, గోడ వెనకాల సరిగ్గా కళ్ళవరకే బయటపెట్టొచ్చు. కంట్రోల్‌తో ఏ, డీ నొక్కితే పక్కకి వాలుతుంది. కొత్తవాళ్ళు ఇది తెలియక ఆరునెలలు ఆడతారు, నేనూ ఆడా.

రెండోది గడ్డి. గడ్డిలో పడుకున్నా కదా నన్నెవడు చూస్తాడు అనుకుంటావు. నీ చుట్టూ ఉన్న గడ్డి నీ స్క్రీన్ మీద ఉంది, నాలుగొందల మీటర్ల అవతల నుంచి స్కోప్ పెట్టినవాడి స్క్రీన్ మీద అంత దూరం గడ్డి గియ్యదు గేమ్, వాడికి నువ్వు ఖాళీ పొలంలో దిష్టిబొమ్మని పడుకోబెట్టినట్టు కనిపిస్తావు. కాబట్టి దూరం నుంచి వచ్చే చూపుకి గడ్డి అడ్డం కాదు, రాయి అడ్డం, గోడ అడ్డం, నేల ఒంపు అడ్డం. చెట్టు కూడా మొదలు ఒక్కటే అడ్డం, ఆకులు కళ్ళకి అడ్డం అంతే, బుల్లెట్‌కి కాదు.

మూడోది చెవులు. ఇది నేర్చుకుంటే సగం గేమ్ వచ్చినట్టే, అందుకే కొంచెం సాగదీసి చెప్తా. ఆర్మాలో శబ్దం నిజంలోలాగే సెకనుకి సుమారు 340 మీటర్ల స్పీడ్‌తో వస్తుంది, రైఫిల్ బుల్లెట్ దానికంటే వేగంగా వస్తుంది. అందుకని దూరం నుంచి కాల్చినప్పుడు నీకు రెండు శబ్దాలు వినిపిస్తాయి. ముందు చెవి పక్కన పటేల్‌మని కొరడా దెబ్బ లాంటిది, అది బుల్లెట్ నీ పక్క నుంచి పోయిన చప్పుడు. తర్వాత ఎక్కడో దూరంగా డబ్ అని మెత్తగా, అది తుపాకీ చప్పుడు. కొత్తవాళ్ళందరూ మొదటి శబ్దం వైపు తిరుగుతారు, అక్కడ ఎవడూ ఉండడు. రెండో శబ్దం ఎటునుంచి వచ్చిందో అటు ఉంటాడు వాడు. రెండింటి మధ్య గ్యాప్ ఇంచుమించు ఒక సెకను ఉంటే ఆరేడు వందల మీటర్ల అవతల ఉన్నాడని లెక్క, అర సెకను అయితే మూడొందల చిల్లర. రెండూ కలిసిపోయి ఒకటే శబ్దంలా వస్తే పక్కనే ఉన్నాడు, నాకు ఉత్తరం రాయడానికి కూడా టైమ్ ఉండదు. ఇది వినాలంటే పాటలు ఆపు, ఫోన్ ఇయర్‌ఫోన్స్ అయినా సరే పెట్టుకో, ల్యాప్‌టాప్ స్పీకర్లతో మాత్రం దిక్కు తెలియదు.

దీనికి ప్రాక్టీస్ చెప్తా, ఆన్‌లైన్‌కి వెళ్ళకుండా. మెయిన్ మెనూలో ఎడిటర్ ఉంటుంది, ఈడెన్ ఎడిటర్ అంటారు, 2016లో వచ్చింది, భయపడకు ఒక్క లైన్ కోడ్ కూడా అక్కర్లేదు. మ్యాప్‌లో ఒక పల్లె పక్కన నిన్ను పెట్టుకో, నాలుగొందల మీటర్ల దూరంలో చెట్ల మధ్య ఒక్క శత్రువుని పెట్టు, ప్లే నొక్కు. కాల్చకు. వాడు నిన్ను కాల్చేలోపు నువ్వు వాడిని కనిపెట్టగలవేమో చూడు, అంతే ఆట. ఆల్ట్ పట్టుకుంటే ఒళ్ళు కదలకుండా తల ఒక్కటే తిప్పొచ్చు, నడుస్తున్నప్పుడు ఎప్పుడూ తల అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. రోజూ పదిహేను నిమిషాలు, వారం రోజులు చెయ్యి. మొదట్లో చెట్టు కనిపిస్తుంది, తర్వాత చెట్టు కింద నీడ కనిపిస్తుంది, తర్వాత నీడలో మోకాలు కనిపిస్తుంది. అప్పుడు నీకే తెలుస్తుంది నిన్ను ఇన్నాళ్ళూ ఎవడు కొట్టాడో.

(మధ్యలో ఒక ముక్క. ఈ కళ్ళు వచ్చాక వాట్సాప్‌లో కూడా పనికొస్తాయి. 2021లో అఫ్ఘనిస్తాన్‌లో పంజ్‌షీర్ గొడవప్పుడు మన దేశంలో కొన్ని టీవీ ఛానెళ్ళే ఆర్మా 3 క్లిప్‌ని నిజం యుద్ధం అని వేసేశాయి, 2025 మేలో మనకీ పాకిస్తాన్‌కీ జరిగినప్పుడు కూడా ఇవే వీడియోలు ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగాయి. ఇలాంటి వీడియోలని ఎలా గుర్తుపట్టాలో బొహీమియా వాళ్ళే 2022లో చెప్పుకోవాల్సి వచ్చింది. మా బాబాయ్ పంపిన దాన్ని చూసి ఇది గేమ్ బాబాయ్ అంటే నాకు దేశభక్తి లేదన్నాడు, అది వేరే కథ.)

సరే, బరువు సంగతి. నీ గేర్ ఏంటో రాయలేదు గానీ నేను చెప్పగలను, ఆర్సెనల్ (ఆయుధాలు, సామాన్లు ఎంచుకునే చోటు) ఓపెన్ చేసి పెద్ద బ్యాగ్, రాకెట్ లాంచర్, పన్నెండు బుల్లెట్ల మ్యాగజీన్లు, ఆరు గ్రెనేడ్లు, పెద్ద స్కోప్, అన్నీ వేసుకుని ఉంటావు. తిరుపతి ట్రిప్‌కి అమ్మ సర్దిన సూట్‌కేసులాగా. ఇక్కడ ప్రతి గ్రాముకీ లెక్క ఉంది, బరువు ఎక్కువైతే స్టామినా తొందరగా అయిపోద్ది, స్టామినా అయిపోతే తుపాకీ ఊగుతుంది, ఊగే తుపాకీతో రెండొందల మీటర్లలో ఏనుగుని కూడా కొట్టలేవు. ఏడెనిమిది మ్యాగజీన్లు, రెండు గ్రెనేడ్లు, రెండు పొగ గ్రెనేడ్లు, కట్లు, చాలు. పొగవి మాత్రం మర్చిపోకు, పక్కోడు పడిపోతే నువ్వు అతని దగ్గరికి వెళ్ళగలిగేది దాని వల్లే. స్కోప్ కూడా చిన్నది పెట్టు, పెద్ద స్కోప్ పెట్టిన ప్రతి కొత్తోడూ గొట్టంలోంచి చూస్తూ పక్కన వచ్చినవాడి చేతిలో పోతాడు. కాల్చేముందు పరిగెత్తడం ఆపి మూడు నాలుగు సెకన్లు ఊపిరి తీసుకోనియ్యి మనిషిని.

రీలోడ్ జబ్బు కూడా వదులు. కాల్ ఆఫ్ డ్యూటీలో మూడు బుల్లెట్లు కాల్చి ఆర్ నొక్కుతాం, అక్కడ బుల్లెట్లన్నీ కలిసి లెక్క సరిపోతుంది. ఇక్కడ సగం వాడిన మ్యాగజీన్ సగంగానే జేబులోకి వెళ్తుంది, తీరా కాలే టైమ్‌లో నాలుగు బుల్లెట్లున్నదే చేతికొస్తుంది.

ఇక మైక్ సంగతి. వాళ్ళు తిట్టిన పద్ధతి బాలేదు ఒప్పుకుంటా, కానీ ఎందుకు తిట్టారో కూడా చూడు. ఆర్మాలో మాట్లాడటానికి చాలా ఛానెల్స్ ఉంటాయి, గ్లోబల్ (సర్వర్‌లో అందరికీ), సైడ్ (మన పక్షం అందరికీ), గ్రూప్ (మన టీమ్‌కి), వెహికల్, డైరెక్ట్ ఇలా. కామా, ఫుల్‌స్టాప్ కీలతో మారుతుంటాయి, క్యాప్స్ లాక్ పట్టుకుంటే మాట వెళ్తుంది. నా అనుమానం నువ్వు గ్లోబల్‌లోనో సైడ్‌లోనో ఉండి రూమ్‌లో ఫ్రెండ్స్‌తో మాట్లాడినట్టు మాట్లాడి ఉంటావు, అది నలభై మంది చెవుల్లో మోగి ఉంటుంది, అందులో పైలట్ ల్యాండింగ్ కోసం లీడర్ మాట వింటూ ఉండి ఉంటాడు. చేరగానే స్క్రీన్ మీద ఏ ఛానెల్ ఉందో చూడు, గ్రూప్‌కి మార్చు, సందేహం ఉంటే డైరెక్ట్‌లో మాట్లాడు, అది పక్కన నిలబడినవాళ్ళకే వినిపిస్తుంది.

ఏం మాట్లాడాలి అనేది ఇంకా ముఖ్యం. శత్రువు కనిపించగానే "లెఫ్ట్‌లో లెఫ్ట్‌లో, అక్కడ అక్కడ" అని అరుస్తాం. ఎవడి లెఫ్ట్? ఎనిమిది మంది ఎనిమిది వైపులు చూస్తున్నారు. మనం డెలివరీ అబ్బాయికి "అన్నా కొంచెం ముందుకొచ్చి లెఫ్ట్ తీసుకోండి" అంటే అతను ఎటునుంచి వస్తున్నాడో మనకి తెలియకుండా చెప్పినట్టు ఉంటుంది అది. కే నొక్కితే కంపాస్ వస్తుంది, దాని మీద అంకె చూడు. "కాంటాక్ట్, 040, మూడొందలు, ఎర్ర పెంకుల ఇంటి కుడి పక్క, ఇద్దరు." అంతే. దిక్కు, దూరం, గుర్తు, ఎంతమంది. చెప్పి నోరు మూసుకో, కీ వదిలెయ్. నువ్వు ఇంగ్లీష్ బాగా రాదని మొహమాటపడుతున్నావేమో తెలియదు గానీ దీనికి ఇంగ్లీష్ అక్కర్లేదు, అంకెలు వస్తే చాలు, జర్మనీ వాడికీ మనకీ ఒకటే యాస. మ్యాప్ గ్రిడ్ కూడా అంతే, ముందు అడ్డంగా మూడంకెలు తర్వాత నిలువుగా మూడంకెలు, ఆరు అంకెలు చెప్తే వంద మీటర్ల గడి దొరుకుతుంది. తిరగేసి చెప్పావనుకో, మోర్టార్ గుండు వేరే ఊళ్ళో పడుతుంది, అక్కడ మనవాళ్ళు కూడా ఉండొచ్చు.

మనవాళ్ళంటే గుర్తొచ్చింది, నా పరువు పోయిన రోజు. ఒక గ్రూప్‌లో మొదటి ఆపరేషన్, రాత్రి పన్నెండున్నర, బేస్‌లో అందరూ హెలికాప్టర్ ముందు వరసగా నిలబడి ఉన్నారు, లీడర్ ప్లాన్ చెప్తున్నాడు, నేను చాయ్ గ్లాసు పక్కన పెడుతూ కీబోర్డ్ మీద చెయ్యి వేశా. జీ కీ. ఆర్మాలో జీ అంటే గ్రెనేడ్, చేతిలోకి తీయడం గురి చూడటం ఏమీ ఉండదు, నొక్కితే వెళ్ళిపోతుంది. లీడర్ కాళ్ళ దగ్గర పడింది. ఐదుగురు, హెలికాప్టర్, పైలట్. మిషన్ మొత్తం మళ్ళీ మొదటినుంచి పెట్టాల్సి వచ్చింది, ఆ ఇరవై నిమిషాలు ఎవరూ నాతో మాట్లాడలేదు. అందుకని నువ్వు చేయాల్సిన మొదటి పని కంట్రోల్స్‌లోకి వెళ్ళి గ్రెనేడ్‌ని జీ రెండుసార్లు నొక్కితేనే పడేలా మార్చడం. రెండో పని, బేస్‌లో ఉన్నంతసేపూ కంట్రోల్ రెండుసార్లు నొక్కి తుపాకీ కిందికి దించి ఉంచడం. ఇది నియమం అని కాదు గానీ, తుపాకీ మొహాలకేసి పెట్టుకుని తిరిగేవాడిని చూడగానే పాతవాళ్ళకి కొత్తోడని తెలిసిపోతుంది.

కాల్చేముందు ఎవడో చూసుకో అని వేరే చెప్పక్కర్లేదు కదా. దూరంలో అందరూ మట్టి రంగులోనే ఉంటారు. అనుమానం ఉంటే కాల్చకు, అడుగు.

మోడ్లు. స్టీమ్ వర్క్‌షాప్ (మోడ్లు దొరికే చోటు) చూసి పిచ్చెక్కి నలభై సబ్‌స్క్రైబ్ చేసి ఉంటావు, అన్నీ తీసెయ్. ప్రతి సర్వర్‌కీ దానిదైన లిస్ట్ ఉంటుంది, నీ దగ్గర ఒకటి తక్కువైనా ఎక్కువైనా చాలాచోట్ల లోపలికి రానివ్వదు. గ్రూప్ వాళ్ళు ఒక హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్ ఇస్తారు, దాన్ని గేమ్ మొదలుపెట్టే లాంచర్‌లో ఇంపోర్ట్ చేస్తే సరిగ్గా కావాల్సినవే దిగుతాయి. ఎక్కువచోట్ల కనిపించేవి సీబీఏ (మిగతా మోడ్లకి పునాది), ఏస్ (వైద్యం లాంటివి నిజంలా చేసేది), రేడియో కోసం టీఫార్ లేదా ఏకర్. ఏస్‌లో వైద్యం గురించి ఒక్కటి గుర్తుపెట్టుకో, రక్తం కారుతుంటే చేతికి కాలికి ముందు టోర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించి తర్వాత నింపాదిగా కట్లు కట్టు, నొప్పి అని మార్ఫిన్ మీద మార్ఫిన్ పొడవకు, డోస్ ఎక్కువైతే దాంతోనే పోతాడు. నీ కట్లు నీ జేబులో ఉండాలి, మెడిక్ వచ్చినప్పుడు ముందు నీవే వాడతాడు.

25 ఎఫ్‌పీఎస్ గురించి. గ్రాఫిక్స్ కార్డు మార్చమని ఎవరైనా చెప్తే పర్సు జేబులోనే ఉంచు. ఈ గేమ్ బరువంతా ప్రాసెసర్ మీద, అందులోనూ ఎక్కువగా ఒక్క కోర్ మీదే వేస్తుంది, టెక్స్చర్లు తగ్గించినా పెద్దగా తేడా రాదు. వ్యూ డిస్టెన్స్ (నేల ఎంత దూరం గియ్యాలో) 1500 నుంచి 2000, ఆబ్జెక్ట్ డిస్టెన్స్ (ఇళ్ళూ మనుషులూ ఎంత దూరం గియ్యాలో) 1000 మీటర్ల దగ్గర పెట్టు, నేల మీద నడిచేవాడికి అది చాలు. గేమ్ ఎస్‌ఎస్‌డీలో ఉండాలి, ఛార్జర్ పెట్టి ఉండాలి. ఇంతా చేసినా పెద్ద సర్వర్లలో తగ్గుతుంది, అది అక్కడ నడిచే మిషన్ బరువు, నీ తప్పు కాదు. 35 వస్తే హాయిగా ఆడొచ్చు, ఇక్కడ గెలిచేది వేలి వేగం కాదు కదా.

డీఎల్‌సీలు ఇప్పుడు కొనకు. నెల తర్వాత కూడా ఆడుతుంటే సేల్‌లో ఏపెక్స్ తీసుకో, 2016లో వచ్చింది, టనోవా అనే అడవి దీవి అది లేకపోతే ఆడలేవు, చాలా గ్రూపులు వాడతాయి. తుపాకుల డీఎల్‌సీలు లేకపోయినా ఆ సర్వర్లలోకి వెళ్ళొచ్చు. నా సొంత ఇష్టం చెప్పమంటే లాస్ ఆఫ్ వార్. 2017ది, అమ్మిన డబ్బుల్లో ఆ ఏడాది మిగిలిన దాంట్లో సగం రెడ్ క్రాస్ అంతర్జాతీయ కమిటీకి ఇచ్చారు. అందులో ముఖ్యపాత్ర సైనికుడు కాదు, యుద్ధం అయ్యాక ఊళ్ళో మిగిలిపోయిన మందుపాతరలు తీసేవాడు. నేల కేసి చూస్తూ అడుగు అడుగు వేయడం నీలాంటి పరుగు వీరుడికి దానికంటే బాగా ఎవరూ నేర్పరు.

ఎక్కడ ఆడాలి అంటే, ముందు ఒంటరిగా ప్రొలాగ్ క్యాంపెయిన్, వీఆర్ ట్రైనింగ్, తర్వాత ఈస్ట్ విండ్ అనే కథ క్యాంపెయిన్ మొదటి భాగం. ఆన్‌లైన్‌లో ఇన్‌వేడ్ అండ్ అనెక్స్ లాంటి కోఆప్ సర్వర్లు మంచివి, ఎదురుగా కంప్యూటరే కాబట్టి తప్పులు చేస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కింగ్ ఆఫ్ ద హిల్ అని మనుషులే ఒకరినొకరు కొట్టుకునే సర్వర్లకి వెళ్తే నీ పాత అలవాట్లన్నీ మళ్ళీ ఒళ్ళోకొచ్చి కూర్చుంటాయి, ఇప్పుడే వద్దు. రూమ్‌లో ఇంకో ఇద్దరి దగ్గర గేమ్ ఉంటే యాంటీస్టాసీ పెట్టుకోండి, తుపాకీ కూడా సరిగ్గా లేని గెరిల్లాల్లా మొదలుపెట్టి ఊరు ఊరు పట్టుకోవాలి, నెలలు నడుస్తుంది.

గ్రూప్ వెతికేటప్పుడు టైమ్ చూసుకో, ఇది ఎవరూ చెప్పరు. యూరప్ మధ్య దేశాల వాళ్ళు రాత్రి 8కి మొదలుపెడితే మనకి వాళ్ళ ఎండాకాలంలో పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర, అయ్యేసరికి మూడు. నేను ఆరు నెలలు అలా ఆడి ఆఫీస్‌లో స్టాండప్ మీటింగ్‌లో నిలబడే నిద్రపోయా. ఇప్పుడు డాలస్‌లో ఉన్న మా బావమరిది వాళ్ళ గ్రూప్‌తో ఆడుతున్నా, వాళ్ళకి శనివారం రాత్రి 8 అంటే మనకి ఆదివారం పొద్దున ఆరున్నర, చలికాలం ఏడున్నర. లేచి కాఫీ పెట్టుకుని కూర్చుంటే టిఫిన్ టైమ్‌కి యుద్ధం అయిపోద్ది, ఇంట్లో కూడా గొడవ లేదు. అలాంటిది చూసుకో. చేరేముందు ట్రైనింగ్ నైట్ ఉందా అని అడుగు, ఉందంటే మంచి గ్రూప్. మొదటి రెండు నెలలు రైఫిల్‌మన్‌గానే ఉంటానని నువ్వే చెప్పు, స్నైపర్ అడగకు, పైలట్ అసలే అడగకు.

నిన్ను తిట్టిన గ్రూప్ దగ్గరికే మళ్ళీ వెళ్తావా అంటే అది నీ ఇష్టం. వెళ్తే మాత్రం ఈసారి గ్రూప్ ఛానెల్‌లో ఉన్నావో లేదో, గ్రెనేడ్ కీ మార్చావో లేదో రెండూ చూసుకుని బేస్‌లోకి అడుగుపెట్టు.